మ్యాప్ ఎడిటర్: వ్యూహక్రీడల పటాలు, నంద్యాల లోయ

సైన్యాన్ని నడపడం, ఊరు కట్టడం, తిండీ కలపా కూడబెట్టడం ముఖ్యంగా ఉండే వీడియో గేములను వ్యూహక్రీడలు అంటారు. ఈ ఆటల్లో యుద్ధం జరిగే నేల మొత్తం, అంటే కొండ, అడవి, ఏరు, దారి, ఊరు అన్నీ, ఒక ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును తెరిచి మార్చడానికి, లేదా ఖాళీ నేల మీద కొత్తగా కూర్చడానికి పనికొచ్చే పనిముట్టే మ్యాప్ ఎడిటర్. కొన్ని కంపెనీలు దీన్ని సినారియో ఎడిటర్ అనీ, వరల్డ్ ఎడిటర్ అనీ పిలిచాయి. చాలా ఆటల్లో ఇది ఆటతో పాటే వస్తుంది. మొదలుపెట్టడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. గోడకు సున్నం వేసినట్టు మౌసుతో నేలకు రంగు వేయడమే తొలి పాఠం.

ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం నుంచి తీసుకున్నవి. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ నది, దాని ఇరుపక్కలా నల్లరేగడి. పటం గీసేవాళ్లకు ఇంత తేటగా గీతలు గీసి ఇచ్చిన నేల అరుదు. పైగా ఈ లోయను ఆటలోకి తీసుకెళ్లాలని చూస్తే, కొండకూ అడవికీ ఉన్న విలువ నీళ్లకు ఈ ఆటల్లో లేదన్న సంగతి బయటపడుతుంది. ఆ లోటును పూడ్చుకోవడంలోనే ఎడిటర్‌తో అసలు పని ఉంది.

అరుగు మీది పటం

పటాన్ని మారిస్తే ఆట మారుతుందన్నది కంప్యూటరు చెప్పిన పాఠం కాదు. గుడి అరుగు మీద ఉలితో చెక్కినా, రచ్చబండ మీద బొగ్గుముక్కతో గీసినా పులిజూదం పటం కూడా వ్యూహక్రీడ పటమే. అందరికీ తెలిసిన పటంలో 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. మేక వెనక కూడలి ఖాళీగా ఉంటేనే పులి దూకుతుంది. ఏ గీత మీదా పులికి కదలిక లేకుండా చేస్తే మేకలది గెలుపు. దీనికి ఒక్క అడ్డగీత కలిపితే మేక తప్పించుకునే దారి పెరుగుతుంది, పులి దూకే దారీ పెరుగుతుంది. లాభం ఎవరికో ఆడి చూస్తే గాని తేలదు. గీతలూ పావుల లెక్కా ఊరిని బట్టి మారడానికి కారణం, ఎవరో ఒకరు పటాన్ని మార్చి ఆడి చూసి ఉండటమే. మ్యాప్ ఎడిటర్ ముందు కూర్చున్నవాళ్లు చేసేదీ అదే పని. బొగ్గుముక్కకు బదులు మౌసు.

ఎడిటర్ ఎలా వచ్చింది

కంప్యూటర్ యుద్ధక్రీడల్లో ఆటగాడే పటం కట్టుకునే వీలు 1980ల్లోనే మొదలైంది. ఎస్ఎస్ఐ సంస్థ 1986లో తెచ్చిన ‘వార్‌గేమ్ కన్‌స్ట్రక్షన్ సెట్’ పేరులోనే ఆ సంగతి ఉంది. బ్లిజార్డ్ వారి ‘వార్‌క్రాఫ్ట్ 2’ 1995లో ఎడిటర్‌తో సహా వచ్చింది. 1997లో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేసిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ కూడా అంతే. అయితే ఈ తొలి ఎడిటర్లలో నేల గీయవచ్చు, సైన్యాలను నిలపవచ్చు, కొన్నిటిలో గెలుపు షరతు పెట్టవచ్చు. ‘ఇది జరిగితే అది జరగాలి’ అని చెప్పే వీలు మాత్రం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో లేదు.

ఆ వీలు పేరు ట్రిగ్గర్. 1998లో ‘స్టార్‌క్రాఫ్ట్’ ఎడిటర్‌లోను, 1999లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లోను ట్రిగ్గర్లు వచ్చాక పటం గీయడం కథ చెప్పడంగా మారింది. 2002లో వచ్చిన ‘వార్‌క్రాఫ్ట్ 3’ వరల్డ్ ఎడిటర్ ఇంకో అడుగు ముందుకేసి, సైనికుల బలాలనూ మంత్రాలనూ కూడా మార్చుకోనిచ్చింది. దానితో ఒక అభిమాని 2003లో యూల్ అనే మారుపేరుతో కూర్చిన పటమే ‘డోటా’. సైన్యానికి బదులు ఒక్క వీరుణ్ణి నడిపే ఆ పటం తర్వాత ఇతరుల చేతుల్లో పెరిగి, ఒక కొత్త ఆటల జాతికే మూలమైంది. 2009లో వచ్చిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’, 2013లో వచ్చిన ‘డోటా 2’ దాని సంతానమే. ఒక ఆట పటం ఇంకో పరిశ్రమకు పునాది కావడం ఎడిటర్ల చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంగతి.

మన ఊళ్లలో ఈ ఆటలు నెట్ సెంటర్ల కాలంలో, పత్రికలతో వచ్చే సీడీల వల్ల పరిచయమయ్యాయి. గంటకింత అని డబ్బు కట్టి కూర్చునే చోట ఎడిటర్ తెరిచి తీరిగ్గా చెట్లు నాటేవాళ్లు తక్కువే ఉంటారు. ఇంటికి కంప్యూటరు వచ్చాకే అది కుదిరే పని.

ఎడిటర్ లోపల

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను దృష్టిలో పెట్టుకుని చెప్పుకుందాం. తెలుగు ఊళ్లలో ఎక్కువమంది చూసిన వ్యూహక్రీడ బహుశా అదే. మిగతా ఎడిటర్లలోనూ పేర్లే మారతాయి.

పటం చదరపు గడులుగా ఉంటుంది. ప్రతి గడికీ ఒక నేల రకం ఉంటుంది: గడ్డి, మట్టి, ఇసుక, అడవి, లోతులేని నీళ్లు, లోతు నీళ్లు. దాని మీద ఎత్తు. ఆ పైన వస్తువులు: ఇల్లు, కోట, గని, జింక, సైనికుడు. ప్రతి వస్తువుకూ ఒక యజమాని ఉండాలి. ఎవరికీ చెందని చెట్లకూ అడవి జంతువులకూ ‘గాయా’ యజమాని. గ్రీకుల భూదేవి పేరు అది. మన దగ్గర పోరంబోకు అనేదాన్ని వాళ్లు భూదేవి పేరున రాశారన్నమాట.

పటం పరిమాణం మొదటే తేల్చుకోవాలి. ఆ ఆటలో బాగా చిన్నది పక్కకు 120 గడులు, అసలు ఆటలోని పెద్దది 240 గడులు. తర్వాత కుంచె పరిమాణం. పెద్ద కుంచెతో గడ్డినేల పరిచి, చిన్న కుంచెతో అడవి అంచులు దిద్దుతారు. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు అడవి అంచును తిన్నగా గీత గీసినట్టు వదిలేయడం. చూడగానే అది మనిషి గీసిన అడవి అని తెలిసిపోతుంది. నిజం అడవి అంచు చిరిగిన గుడ్డ అంచులా ఉంటుంది. రెండో తప్పు, నచ్చిన వస్తువునల్లా పెట్టేసి పటాన్ని సంత చేయడం.

గడులను చేత్తో నింపడం ఒక పద్ధతి. రెండో పద్ధతి, పటాన్ని వర్ణిస్తూ కొన్ని ఆజ్ఞలు రాసి ఇవ్వడం. ‘నేలంతా గడ్డి, దాని మీద ఇంత శాతం అడవి, ప్రతి ఆటగాడికీ ఇంత దూరంలో ఒక బంగారు గని’ అని రాస్తే ఆట ప్రతిసారీ ఆ లెక్కలో కొత్త పటం పుట్టిస్తుంది. దీన్ని ర్యాండమ్ మ్యాప్ స్క్రిప్ట్ అంటారు. ఆ ఆటలో పేరు మోసిన ‘బ్లాక్ ఫారెస్ట్’ ఇలా పుట్టే పటమే: దట్టమైన అడవి, నడుమ ఇరుకు దారులు. ఆ పేరును తెలుగులోకి తెస్తే నల్లడవి. నల్లమల గట్టు ఎక్కినవాళ్లకు ఆ పటం కొత్తగా ఏమీ అనిపించదు.

లోయను గడుల్లో పెట్టడం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నేరుగా కొలిస్తే 40 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అహోబిలం, మహానంది, కోయిలకుంట్ల, బనగానపల్లె కూడా పటంలో ఉండాలంటే పక్కకు 60 కిలోమీటర్ల చదరం కావాలి. 240 గడుల పటంలో ఒక్కో గడి 250 మీటర్లవుతుంది. ఆ ఆటలో మామూలు ఇల్లు రెండు గడుల పొడవు, రెండు గడుల వెడల్పు. అంటే అర కిలోమీటరు ఇల్లు! టౌన్ సెంటర్ నాలుగు గడులు, కిలోమీటరు. నంద్యాల పాత ఊరికి అది ఇంచుమించు సరిపోతుంది గాని, పక్కన నిలబడ్డ ఏనుగు మాత్రం ఊళ్లో పావువంతు కనిపిస్తుంది. పటం గీసేవాళ్లు ఈ అసంగతాన్ని పట్టించుకోరు, పట్టించుకోకూడదు కూడా. దూరాలు ఒక కొలతలో, వస్తువులు ఇంకో కొలతలో ఉండటం ఈ ఆటల ఒప్పందం. గుడి గోడ మీద రాజును మనుషుల కంటే పెద్దగా చెక్కడం లాంటిదే ఇది.

నంద్యాలలో బయల్దేరిన గుర్రపు వేగు సెకనుకు 1.2 గడుల చొప్పున ఆళ్లగడ్డ చేరడానికి ఆట గడియారంలో రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఇది మంచి దూరమే. అంతకంటే తక్కువైతే శత్రువు వస్తున్నాడని తెలిసేలోపే వచ్చేస్తాడు, ఎక్కువైతే ఆడేవాళ్లకు ఆవలింతలు వస్తాయి.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. చదరపు పటమే అయినా తెర మీద అది మూల మీద నిలబెట్టిన వజ్రంలా కనిపిస్తుంది. ఉత్తరాన్ని పై మూలకు పెట్టుకుంటే, ఉత్తర దక్షిణాలుగా సాగే లోయ పటం కర్ణం వెంట పడుతుంది. పక్క 240 గడులే అయినా కర్ణం దాదాపు 339 గడుల పొడవు. లోయకు చోటు పెరుగుతుంది. నల్లమల కుడి మూలకు, ఎర్రమల ఎడమ మూలకు సర్దుకుంటాయి. పైన, కింద పటం సన్నబడుతుంది కాబట్టి లోయ రెండు చివరలా కొండలు దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తాయి. అది నిజం కాదు. లోయ నిజానికి దక్షిణాన కడప వైపు సాగిపోతుంది, కుందూ అక్కడ పెన్నలో కలుస్తుంది.

ఎత్తుల సంగతి. నంద్యాల సముద్ర మట్టానికి దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉంది. నల్లమలలో భైరానీ కొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం శిఖరాలు 900 మీటర్లు దాటతాయి. తేడా 700 మీటర్లు. పాత ఎడిటర్‌లో ఏడు ఎత్తులే, అంటే వాటి మధ్య ఆరు మెట్లే ఉన్నాయి కాబట్టి ఒక్కో మెట్టు దాదాపు 117 మీటర్లనుకోవచ్చు. అయితే పక్కపక్క గడుల మధ్య ఒక్క మెట్టు కంటే ఎక్కువ తేడా ఉండటానికి ఆట ఒప్పుకోదు. ఆరు మెట్లెక్కాలంటే కనీసం ఆరు గడులు వాలు కావాలి. మైదానంలోంచి గోడలా లేచే కొండముఖం కావాలంటే ఎత్తు పెంచడంతో పని కాదు, కొండచరియలను వస్తువులుగా తెచ్చి వరసగా పేర్చాలి. చరియను ఏ సైనికుడూ ఎక్కలేడు.

ఎత్తుకు ఆటలో నిజమైన విలువ ఉంది. పై గడి నుంచి కింది గడి మీద పడే దెబ్బ 25 శాతం ఎక్కువ, కింద నుంచి పైకి కొట్టే దెబ్బ 25 శాతం తక్కువ. మహానంది వైపు గట్టు మీద నలుగురు విలుకాళ్లను పెడితే, కింద నుంచి వచ్చే నలుగురు అదే బలం ఉన్నా ఓడిపోతారు. పాలెగాళ్లు కొండలను ఎందుకు ఆశ్రయించారో పుస్తకం చదివితే తెలుస్తుంది. కింది గడి నుంచి పై గడి మీదికి ఒకసారి దాడి చేసి చూస్తే ఒంటికి తెలుస్తుంది.

చేత్తో ఎత్తులు దిద్దలేనివాళ్లకు వేరే దారి ఉంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ 11 రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. ఆ వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ఇస్రో భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఉపగ్రహం ఇచ్చిన ఎత్తులూ ఉన్నాయి. వాటిని నలుపు తెలుపు బొమ్మగా మార్చుకోవచ్చు: ఎత్తయినచోట తెలుపు, పల్లం నలుపు. ‘జీరో ఏడీ’ అనే ఉచిత ఆటలోని అట్లాస్ ఎడిటర్ అలాంటి బొమ్మను తీసుకుని నేలగా లేపుతుంది. నల్లమల అచ్చుగుద్దినట్టు వస్తుంది. కాని 256 ఛాయల్లో 700 మీటర్లు సర్దితే ఒక్కో ఛాయ 2.7 మీటర్లు. లోయ అడుగంతా దాదాపు ఒకే బూడిదరంగులో ఉండిపోయి, కుందూ ఎక్కడ పారుతుందో బొమ్మకు తెలియదు. కొండలను ఉపగ్రహం ఇస్తుంది, ఏరును మాత్రం మనమే తవ్వుకోవాలి.

తర్వాత కనుమ. నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు వైపు దిగే దారి నంది కనుమ. 19వ శతాబ్దం చివర గుంతకల్లు వైపు నుంచి గుంటూరుకు వేసిన రైలుమార్గం కూడా ఆ కొండల్లోంచే, బొగద సొరంగం గుండా పోతుంది. పటంలో ఈ కనుమ అన్నిటికంటే విలువైన చోటు. వెడల్పు ఒక్క గడి పెడితే ఏనుగుల దండు అందులో ఇరుక్కుని, ముందువాడు ఆగితే వెనకవాళ్లంతా తిరుగుముఖం పడతారు. ఐదు గడులు పెడితే అది కనుమే కాదు, బజారు. రెండు మూడు గడులు చాలు. మధ్యలో ఒకచోట నాలుగు గడులకు విప్పితే ఎదురుబొదురు దండులు తప్పుకోగలుగుతాయి. ఘాట్ రోడ్డు మీద లారీలు ఆగడానికి వదిలే చోటు లాంటిది.

కనుమకు ఇరుపక్కలా అడవి. ఈ ఆటలో చెట్టున్న గడిలోంచి ఎవరూ నడవలేరు. అంటే అడవి గోడ. కాని శాశ్వతమైన గోడ కాదు. ఒక్కో చెట్టులో వంద కలప ఉంటుంది, పల్లెజనం కొట్టుకుపోతారు. రాళ్లు విసిరే పెద్ద యంత్రాలతో చెట్లను కూల్చి దారి చేసుకోవచ్చని ఆరితేరిన ఆటగాళ్లకు తెలుసు. కాబట్టి అడవిని నమ్మి కనుమను కాపాడదామనుకున్నవాడికి గంట ఆట గడిచాక వెనక నుంచి దెబ్బ పడుతుంది. నల్లమల లాంటి పులుల అభయారణ్యాన్ని కలప గోదాముగా చూడటం మన కంటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అంతకంటే పెద్ద లోపం, ఈ ఆట దృష్టిలో అడవిలో ఎవరూ ఉండరు. నల్లమలలో చెంచులున్నారు. వాళ్లను పటంలోకి తేవాలంటే అడవి నడుమ చిన్న చిన్న ఖాళీలు కోసి, గూడెం కట్టి, ఏ పక్షానికీ చెందని ఆటగాడిగా నిలపాలి. వాళ్లతో పొత్తు ఉన్నవాడికే అడవి లోపలి దారి కనిపించేలా ట్రిగ్గర్ రాస్తే, నల్లమల కాస్త నల్లమలలా ఉంటుంది.

ఆటకు తెలియని నేల

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో పొలం వేయడానికి 60 కలప చాలు. అది 175 తిండి ఇస్తుంది. కొండ నెత్తిన వేసినా అంతే, ఏటి ఒడ్డున వేసినా అంతే. నీటి ఊసే లేదు. వానలు తగినన్ని పడే చోట పుట్టిన వ్యవసాయపు ఊహ అది. కర్నూలు–కడప (కేసీ) కెనాల్ ఆయకట్టుకూ మెట్టకూ తేడా తెలిసిన ఊళ్లో ఈ లెక్క చెల్లదు. నంద్యాల సోనామసూరి పేరు మోసింది నీళ్ల వల్లే.

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కర్నూలు, నంద్యాల మీదుగా కడప చేరే ఆ కాలువను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం తీసుకుంది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా ఉద్దేశించిన కాలువ అది. పటంలో దీన్ని గీయాలంటే 250 మీటర్ల గడిలో కాలువ ఇమడదు. ఒక గడి వెడల్పు నీళ్లు గీస్తే అది కాలువ కాదు, కృష్ణానది అవుతుంది. పడవలేమో తిరుగుతాయి గాని, అవతలికి దాటడానికి పదిచోట్ల రేవులు పెట్టాల్సి వస్తుంది.

అందుకే కాలువను నీళ్లతో గీయడం కంటే ట్రిగ్గర్‌తో చెప్పడం మేలు. కాలువ దారి పొడవునా ఇసుక గడుల సన్నని చార గీసి, మూడు చోట్ల తూములకు గుర్తుగా జెండాలు పాతాలి. ప్రతి తూము చుట్టూ నాలుగు గడుల చదరాన్ని గుర్తించి షరతు రాయాలి: ఈ చదరంలో ఫలానా ఆటగాడి సైనికుడు ఒక్కడైనా ఉంటే, ప్రతి 30 సెకన్లకూ ఆ ఆటగాడికి 50 తిండి చేరాలి. ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టడం మరవకూడదు. మరిస్తే నీళ్లు ఒక్కసారి వచ్చి ఆగిపోతాయి. పై తూము పట్టుకున్నవాడికి 50, కిందివాడికి 20 అని పెడితే, కాలువ చివరి ఊళ్ల గోస ఆటలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆడేవాళ్లు కోటల కోసం కాక తూముల కోసం కొట్టుకుంటారు.

వరద ఇంకా కష్టం. నంద్యాలను కుందూ, మద్దిలేరు, చామకాలువ మూడు పక్కల నుంచీ ముంచిన ఏళ్లున్నాయి. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయ ప్రాంగణంలోకి కూడా నీళ్లు వచ్చాయి. ఆటలోనేమో వానకాలం లేదు. వార్‌క్రాఫ్ట్ 3లో వాన కురిపించవచ్చు గాని అది కంటికి మాత్రమే. బురదలో గుర్రం నెమ్మదించదు. నల్లరేగడిలో నాలుగు చినుకులు పడితే చెప్పు వదలదని ఆ ఇంజనుకు ఎవరు చెప్పాలి? ‘బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్’ అనే ఉచిత ఆట ఈ విషయంలో కొంత నయం. ఆరు మూలల గడుల మీద ఆడే ఆ ఆటలో ప్రతి నేలకూ నడక ఖర్చు, కాపుదల శాతం వేర్వేరు. మామూలు కాలిబంటుకు చదును నేల మీద 40 శాతం కాపుదల, అడవిలో 50, కొండ మీద 60, ఊట నేలలో 20. దాని పటం ఫైలు మామూలు అక్షరాల ఫైలే. గడ్డికి రెండక్షరాలు, నీటికి రెండక్షరాలు, మధ్యలో కామాలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి రేగడి గడులన్నిటినీ ఒక్క వేటుతో ఊట నేలగా మార్చేసి, వానకాలం పటం అని వేరే పేరుతో దాచుకోవచ్చు.

రాయి సంగతి వేరే రకం నవ్వు తెప్పిస్తుంది. ఈ ఆటల్లో రాయి అంటే బూడిదరంగు కుప్ప. ఒక్కో కుప్పలో 350 రాయి. ఎక్కువగా కోటకో బురుజుకో వాడతారు. ఆళ్లగడ్డలో శిల్పులు తరతరాలుగా దేవుళ్లను చెక్కుతున్నారు, అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బేతంచెర్ల రాయి ఎన్నో ఇళ్ల కింద పరిచి ఉంది. రాయిని చెక్కి అన్నం తినే ఊరు ఆటలో కుదరాలంటే, శిల్పుల వాడగా ఒక చదరం గుర్తించి, అందులో పల్లెజనం ఐదుగురుంటే వంద రాయి తీసుకుని వంద బంగారం ఇచ్చేలా ట్రిగ్గర్ రాయాలి.

భూమి కింది సంగతి కూడా చాలా ఆటలకు అందదు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల మేర కొలిచినవి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని గమనించాడు, 1982–83లో జర్మన్ బృందం పటాలు గీసింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో పటం ఒక్క పొరే. 1999లో వచ్చిన ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ ఎడిటర్‌లో మాత్రం ప్రతి పటానికీ కింద ఇంకో అంతస్తు పెట్టుకోవచ్చు, పైకీ కిందికీ ద్వారాలుంటాయి. బెలుంకు ఇంతకంటే తగిన ఆట లేదు. ఎర్రమలలో ఒక ద్వారం పెట్టి, భూమి కింద మలుపులు తిప్పి, నాలుగు రోజుల నడకను ఒక్క రోజు చేయవచ్చు. గుహ అలా ఎక్కడికో తేలదు గాని, ఆటకు ఆ మాత్రం అబద్ధం చెల్లుతుంది.

1846ను ట్రిగ్గర్లలో రాయడం

ఈ ప్రాంతం మీద సినారియో అంటే మొదట తట్టేది ఈస్టిండియా కంపెనీ మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటే. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, తర్వాత కొండలూ అడవులూ పట్టుకుని తిరగడం, అక్టోబరు 6న పేరుసోమల కొండ దగ్గర పట్టుబడటం, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. అప్పటికి కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలో ఉండేది. ఇనాములు పోగొట్టుకున్న కట్టుబడులు (ఊరి కావలివాళ్లు) ఆయన వెంట నడిచారన్నది తిరుగుబాటుకు మూలమైన సంగతి. పటంలో వాళ్లు లేకపోతే మిగిలేది సినిమా పోరాటం మాత్రమే.

ఆట ఎంపికలోనే మొదటి చిక్కు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కాలం మధ్యయుగాలది. తుపాకులున్నా కంపెనీ సిపాయి లేడు. 2007లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3: ది ఏషియన్ డైనాస్టీస్’లో భారతీయులు ఒక జాతిగా ఉన్నారు, సిపాయిలున్నారు, అందులోని భారత కథ 1857 నాటిది. పదకొండేళ్ల తేడానే కాబట్టి వేషాలు సరిపోతాయి. 2022 ఏప్రిల్ 28న ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ విడుదలై ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు అనే కొత్త జాతులు చేరాయి. అదే నెల 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. రెంటికీ సంబంధం లేదనుకోండి. ఆ విస్తరణలో దక్షిణాది కథ చోళ రాజేంద్రుడిది. తెలుగువాళ్లు విడిగా లేరు, ద్రవిడుల్లోనే సర్దుకోవాలి.

ట్రిగ్గర్లు ఎలా అల్లాలి? మొదట నరసింహారెడ్డి చేతిలో కోట లేదు, పొలం లేదు, కొద్దిమంది మనుషులు మాత్రమే. ఖజానా భవనం కూలితే ఆయనకు బంగారం, అదే క్షణంలో కడప వైపు మూల నుంచి కంపెనీ దండు పుట్టాలి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. దీని తర్వాత గెలుపు ఏమిటన్నది అసలు ప్రశ్న. శత్రువును తుడిచిపెడితే గెలుపు అని పెడితే చరిత్ర అబద్ధమవుతుంది, ఆట కూడా అసాధ్యమవుతుంది. అందుకని గడియారాన్ని గెలుపుగా పెట్టాలి. జులై నుంచి అక్టోబరు దాకా దొరక్కుండా ఉంటే గెలుపు. ఒక నెలను పది నిమిషాలనుకుంటే అరగంట ఆట. ఆ అరగంటలో ప్రతి ఊళ్లోనూ ఆశ్రయం దొరకాలి, ప్రతి ఆశ్రయానికీ ఒక వెల ఉండాలి. వరసగా రెండుసార్లు ఒకే ఊరికి వెళితే కంపెనీకి కబురు అందేలా ఒక ట్రిగ్గర్. దాన్ని ఆటగాడికి ముందు చెప్పకూడదు. పటం గీసేవాళ్లలో చాలామంది ఇక్కడ నిగ్రహం కోల్పోయి, తెర మీద ప్రతి నిమిషానికీ ఒక సందేశం వేసి కథంతా చెప్పేస్తారు. సందేశాలు ఎంత తక్కువైతే అడవి అంత భయంగా ఉంటుంది.

తూకం

ఇద్దరు పోటీపడే పటంలో ఇద్దరికీ సమానావకాశం ఉండాలి. కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ పోటీలు టీవీల్లో ఆడించే స్థాయికి ఎదిగాక, పటాల తూకం మీద గెలుపోటములు ఆధారపడి, అద్దంలో బొమ్మలా ఒక సగాన్ని ఇంకో సగానికి నకలు చేసే పద్ధతి బలపడింది. నిజమైన నేల అలా ఉండదు. నల్లమల పక్కవాడికి కలపా కనుమా ఎక్కువ, ఎర్రమల పక్కవాడికి రాయి ఎక్కువ. రెంటినీ సమానం చేస్తే నంద్యాల పోతుంది, చేయకపోతే పోటీ పోతుంది. వస్తువులను సమానం చేయకుండా దూరాలను సమానం చేయడం మధ్యే మార్గం. ఇద్దరికీ కుందూ దగ్గరి మొదటి రేవు ఒకే దూరంలో, మొదటి బంగారు గని ఒకే దూరంలో ఉంటే చాలు. ఆ పైన ఎవరి కొండ వాళ్లది.

హక్కుల సంగతి క్లుప్తంగా. పటం గీసినవాళ్లకు దాని మీద ఏం హక్కుందో ఆటతో వచ్చే ఒప్పందం చెబుతుంది, దాన్ని ఎవరూ చదవరు. డోటా పేరు మీద, ‘డోటా 2’ తయారుచేసిన వాల్వ్, బ్లిజార్డ్ సంస్థల మధ్య వివాదం నడిచి 2012లో రాజీ కుదిరింది. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3 కొత్త రూపంతో వచ్చినప్పుడు, ఆటగాళ్లు చేసిన పటాలన్నీ తనవేనని బ్లిజార్డ్ ఒప్పందంలో రాసి విమర్శలు ఎదుర్కొంది. వెస్‌నోత్, జీరో ఏడీ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆటల్లో ఈ బెడద తక్కువ. జీరో ఏడీలో మౌర్యులు ఒక జాతి. పాత కర్నూలు జిల్లాలోనే ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి కాబట్టి, మౌర్య సైన్యాన్ని ఈ వైపు నడిపించడం మరీ ఊహాగానమేమీ కాదు.

పరీక్ష

పటం పూర్తయిందనుకున్నాక చేసే పని ఒకటుంది. అడవిలో ఎక్కడ కన్నం ఉందో కంటితో వెతకడం దండగ. నంద్యాల దగ్గర ఒక్క గుర్రపు సైనికుణ్ణి పెట్టి, పరీక్ష మీట నొక్కి, పటం కుడి చివరన గిద్దలూరు మీద కుడి క్లిక్ చేయాలి. ఆట ఎప్పుడూ దగ్గరి దారి వెతుకుతుంది. గుర్రం నంది కనుమ వైపు తిరిగితే పటం సరిగ్గా ఉన్నట్టు. అది మహానంది వైపు తిరిగి, గుడి వెనకగా, మనం చెట్టు నాటడం మరిచిన ఒకే ఒక్క గడిలోంచి నల్లమలలోకి దూరిందంటే, వెనక్కి వచ్చి అక్కడో చెట్టు నాటాలి. మళ్లీ పంపాలి. ఈసారి అహోబిలం మీదుగా పోతుంది.